వగలాడి నాచు ముట్టలేదు

నాచు బస్తాలు దిగిన రోజున కొట్టమంతా చేపల అంగడిలా కంపు కొట్టింది. పాలు పితికేవాళ్లు తుండుగుడ్డలు ముక్కులకి చుట్టుకున్నారు. వాళ్లలో నోరున్నవాడు చెంబు. పొద్దస్తమానం చేతిలో చెంబు ఉంటుంది కాబట్టి అందరూ వాణ్ణి అలాగే పిలుస్తారు. వాడు ఒక బస్తా మీద చెయ్యేసి, ఆ చెయ్యి వాసన చూసుకుని, "సార్, ఇది ఆవులకా, పిల్లులకా?" అని అడిగాడు.

సార్ అంటే ఆ కొట్టం మేనేజరు. అతను నవ్వలేదు. పక్కన పాలు కొనే కంపెనీ పంపిన పశువుల డాక్టరమ్మ నిలబడి ఉంది మరి.

మేత వేసే పెద్దాయన మాత్రం ఏమీ అనలేదు. అనడం ఆయనకి అలవాటు లేదు. "ఉన్న నాలుగు మాటలూ ఆవుల చెవుల్లో పోసి వస్తాడు, ఇంటికొచ్చేసరికి గొంతు ఖాళీ" అని ఆయన భార్య ఇరుగుపొరుగుతో దెప్పేది. మేనేజరు ఆమెకి స్వయానా తమ్ముడు. పెద్దాయనకి అతను ఇంట్లో "ఏరా", కొట్టంలో "సార్". ఒకప్పుడు ఆ కుర్రాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అక్కడ పనికి పెట్టించింది పెద్దాయనే. కుర్రాడు చదువుకున్నాడు, కుర్చీ ఎక్కాడు. పెద్దాయన పార దగ్గరే ఉండిపోయాడు. ఆ సంగతి చెప్పుకుని ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. నవ్వుకున్నా, లోపల ఎక్కడో చిన్న నలుసు గుచ్చుకుంటూనే ఉండేది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. ఓపిగ్గా చెప్పింది. ఆవు నెమరు వేసేటప్పుడు తేన్పుతో పాటు కడుపులోంచి ఒక గాలి బయటికొస్తుంది. ఆ గాలి పైకి పోయి వేడిని పట్టి ఉంచుతుంది. ఎండలు ముదరడానికి అదొక కారణం. సముద్రంలో పెరిగే ఒక ఎర్ర నాచుని ఎండబెట్టి, పొడి కొట్టి, మేతలో కాస్త కలిపితే ఆ గాలి బాగా తగ్గిపోతుంది. ఇకమీదట తేన్పు తగ్గిన కొట్టాల పాలే కంపెనీ కొంటుంది.

"అయితే ఈ ఎండలకి మన ఆవులే కారణమన్నమాట" అన్నాడు చెంబు. "అనవసరంగా ఇన్నాళ్లూ మా అత్తగారిని అనుకున్నాను."

ఈసారి డాక్టరమ్మ కూడా నవ్వింది. మేనేజరు నవ్వలేదు. "తేన్పు తగ్గని ఆవు ఈ కొట్టంలో ఉండదు. తర్వాత నన్నంటే లాభం లేదు" అన్నాడు.

ఆ మాట పెద్దాయన చెవిన పడింది గాని బుర్రకెక్కలేదు. ఆయన వచ్చిన దగ్గర్నుంచీ ఆ కొట్టంలోంచి ఎన్నో ఆవులు కబేళా లారీ ఎక్కాయి. ప్రతిదీ పాలు తగ్గే ఎక్కింది. బిందె నిండితే ఆవు ఉంటుంది, నిండకపోతే పోతుంది. ఆయనకి తెలిసిన చట్టం అదొక్కటే. మిగతావి కుర్చీలో కూర్చున్నవాళ్లు మాట్లాడుకునే మాటలు.

తేన్పు కొలవడానికి ఒక పెట్టె తెచ్చి గోడవారన బిగించారు. ఆవు అందులో తల పెడితే తియ్యటి గుళికలు నాలుగు రాలతాయి. అది నములుతుంటే పెట్టె దాని ఊపిరి పీల్చుకుని లెక్క కట్టుకుంటుంది. దానికి ఊపిరి పెట్టె అని పేరు పడింది. మొదటి రోజు ఏ ఆవూ దాని దగ్గరికి పోలేదు. మర్నాడు అన్నిటికంటే ముందు పోయి తల దూర్చింది వగలాడి.

వగలాడి నల్లటి ఆవు, నుదుటి మీద గోధుమరంగు మచ్చ. అది పుట్టిన పూటే తల్లి పోయింది. పెద్దాయన తన వేళ్లు పాలల్లో ముంచి నోట్లో పెట్టి పెంచాడు. అందుకేనేమో, దానికి అన్నిటికీ పేచీలే. నీళ్లు ఎండకి వేడెక్కితే తాగదు. గాడిలో నిన్నటి మేత మిగిలుంటే కొత్తది ముట్టదు. పితికేటప్పుడు పెద్దాయన ఎదురుగా నిలబడి గంగడోలు నిమురుతుంటే తప్ప పాలు చేపదు. "దీనికి పాలేరు చాలడు, మొగుడు కావాలి" అని చెంబు విసుక్కునేవాడు. విసుక్కుంటూనే పితికేవాడు. ఎందుకంటే చేపిందంటే బిందె నురగతో పొంగేది.

అలాంటిది నాచు తింటుందా?

పచ్చి మొక్కజొన్న ముక్కలు, తవుడు, వేరుశెనగ చెక్క, వాటి మీద నాచు పొడి, అన్నీ కలిపే యంత్రంలో కలిపి గాడి పొడుగునా వేశారు. మిగతా ఆవులు ఒక పూట మూతి ముడిచి, రెండో పూటకి తలలు వంచాయి. వగలాడి ముక్కుతో బుస్సుమని ఊదింది. పొడి ఎగిరిపోయిన చోట నాలుకతో ఏరుకుని నాలుగు మొక్కజొన్న ముక్కలు తింది. తక్కినదంతా మోరతో నెట్టి పక్క ఆవు ముందు పోసింది. పెద్దాయన ఆ పొడికి బెల్లపు మడ్డి కలిపి మేతకి అంటుకునేలా చేశాడు. అప్పుడు ఆ నాలుగు ముక్కలు కూడా మానేసింది.

డొక్కలు లోపలికి పోవడం మొదలైంది. ఒక పొద్దున బిందె నిండలేదు. చెంబు బిందె పెద్దాయన వైపు వంచి చూపించాడు. ఎన్నడూ లేనిది నోరు మూసుకుని చూపించాడు.

పెద్దాయన ఆవు డొక్కలు తడిమి చూశాడు. ఆ మధ్యాహ్నం అందరూ అన్నాలకి పోయినప్పుడు దూడల కింద పరిచే ఎండుగడ్డి ఒక మోపు తెచ్చి వగలాడి ముందు వేశాడు. దూడల డబ్బాలోంచి గుప్పెడు చెక్క తీసి మీద చల్లాడు. అది కళ్లు మూసుకుని తింది. ఆయన గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు అన్నం సంగతే మర్చిపోయాడు.

అప్పట్నుంచీ రోజూ అదే పని. దాని వాటా నాచు మేత పక్క ఆవులకి సర్దేసేవాడు. గాడి ఖాళీగా కనపడేది. మేనేజరు వచ్చి చూసి, "ఏం బావా, నీ ముద్దుల కూతురు దారికొచ్చిందే!" అన్నాడు. పెద్దాయన తల ఊపాడు. అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. మాట్లాడనివాడికి అదొక సౌకర్యం.

బిందె మళ్లీ నిండింది. పెద్దాయన మీసం కింద నవ్వుకున్నాడు. వగలాడి కూడా హుషారుగా రోజూ ఊపిరి పెట్టె దగ్గరికి పోయేది. తలదూర్చి, గుళికలు నమిలి, సుఖంగా తేన్చి వచ్చేది. ఏ ఆవూ అన్నిసార్లు పోయేది కాదు.

ఒక పొద్దున పెద్దాయన వచ్చేసరికి వగలాడి తుంటి మీద ఎర్ర రంగుతో అడ్డగీత గీసి ఉంది.

ఆ గీత అంటే ఏమిటో కొట్టంలో అందరికీ తెలుసు. లారీ గీత. ఆయన దాన్ని వేలితో రుద్దాడు. వేలు ఎర్రబడింది గాని గీత పోలేదు. తిన్నగా మేనేజరు గదికి నడిచాడు.

"సార్, వగలాడికి గీత పెట్టారు."

"అవును."

"పొరపాటు. దాని బిందె చూడండి. అన్నిటికంటే ఎక్కువ."

"బిందె కాదు బావా ఇప్పుడు. తేన్పు. అన్నిటికంటే అదీ దానిదే ఎక్కువ. నాచు తిన్న ఆవుల్లో గాలి సగమైంది. దీనికి పెరిగింది. డాక్టరమ్మకి కూడా అంతుపట్టడం లేదు. కొన్నిటి ఒంటికి నాచు పనిచెయ్యదట. అలాంటివి తీసెయ్యాలట."

పెద్దాయన తలుపు దగ్గరగా వేశాడు. "అది నాచు తినలేదురా" అన్నాడు.

కొట్టంలో "రా" అనడం అదే మొదటిసారి. మేనేజరు కలం కింద పెట్టాడు.

"మరేం తింది?"

"ఎండుగడ్డి. నేనే వేశాను."

మేనేజరు లేచి కిటికీ రెక్కలు దగ్గరికి లాగాడు. తర్వాత గొంతు తగ్గించి, పళ్ల మధ్యనుంచి మాట్లాడాడు. "ఎండుగడ్డి తింటేనే తేన్పు అన్నిటికన్నా ఎక్కువ. తెలుసా నీకు? తెలియదు. నీకెందుకు తెలుస్తుంది? నేను వాళ్ల ముందు చెప్పింది వినలేదు, గడ్డి పీకుతూ కూర్చున్నావు. ఇప్పుడీ మాట బయటికొస్తే కంపెనీవాళ్లు ఏమంటారు? ఒక ఆవు విషయంలో దొంగాట ఆడినవాళ్లు అన్ని ఆవుల విషయంలోనూ ఆడి ఉంటారంటారు. నా కుర్చీ పోతుంది, నీ పార పోతుంది. అక్కకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"దాన్ని చంపేస్తారురా."

"నోరు మూసుకో బావా. నీకు అలవాటేగా."

పెద్దాయన బయటికొచ్చాడు. ఆ రోజంతా నోరు మూసుకునే ఉన్నాడు. సాయంత్రం పాలు పితికే వేళకి డాక్టరమ్మ వచ్చి ఊపిరి పెట్టె తలుపు తీసి చూసుకుంటోంది. చుట్టూ పితికేవాళ్లున్నారు, మేనేజరు ఉన్నాడు. పెద్దాయన వగలాడి గంగడోలు నిమురుతూ, అటు తిరగకుండానే, పైకి వినపడేలా అన్నాడు.

"అమ్మా, ఈ ఆవు మీ నాచు ముట్టలేదు. దొంగచాటుగా నేను గడ్డి వేశాను. తప్పు నాది. దాని ఒంటిది కాదు."

చెంబు పితకడం ఆపేశాడు. మేనేజరు మొహంలో రక్తం లేదు.

డాక్టరమ్మకి కోపం వచ్చింది. రావలసిందే. ఇన్నాళ్ల లెక్క పాడుచేశారంది. మీలాంటి పెద్దవాళ్లే ఇలా చేస్తే ఎలా అంది. అన్నదంతా అని, ఊపిరి పీల్చుకుని, న్యాయంగానే మాట్లాడింది. "సరే. అయితే దీని లెక్క చెల్లదు. మళ్లీ చూద్దాం. దీన్ని విడిగా కట్టండి. నాచు మేత తప్ప ఇంకేమీ పెట్టకూడదు. తిని, తేన్పు తగ్గితే ఉంటుంది. తినకపోతే నేనేం చెయ్యలేను పెద్దాయనా."

ఆమె వెళ్లాక మేనేజరు దగ్గరికొచ్చి, "బతికిపోయావు" అన్నాడు. ఎవరినన్నాడో తెలియదు.

కొట్టం చివర ఈనబోయే ఆవుల్ని కట్టే గది ఒకటి ఉంది. వగలాడిని అక్కడ కట్టారు. పెద్దాయన గది అంతా వెదికి, మూలల్లో ఉన్న గడ్డిపోచలు కూడా ఏరి బయటపడేశాడు. బాల్చీడు చల్లటి నీళ్లు పెట్టాడు. గాడిలో నాచు మేత వేశాడు. తలుపు మూసి, గుమ్మం బయట కూర్చున్నాడు.

అది ఊదింది. నెట్టింది. తర్వాత ఆయన్ని చూసి పిలిచింది. ఆయన లేవలేదు. సాయంత్రానికి అరుపు మొదలుపెట్టింది. మర్నాడు ఆ అరుపు బొంగురుపోయింది. ఆయన రోజూ పొద్దున్నే గాడి ఊడ్చి, ఎండిన మేత తీసేసి, కొత్త మేత, అదే మేత, వేసి వచ్చేవాడు. అది ఆయన చెయ్యి నాకబోతే చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. చెంబు ఒక మధ్యాహ్నం చొక్కాలో దాచి గుప్పెడు పచ్చగడ్డి తెచ్చాడు. పెద్దాయన వాడి చేతి మీద ఒక్క దెబ్బ వేశాడు. గడ్డి చెల్లాచెదురైంది. దాన్ని కూడా పోచ మిగలకుండా ఏరేశాడు.

"నువ్వు మనిషివి కాదయ్యా" అన్నాడు చెంబు.

భార్య అన్నం గిన్నె పట్టుకుని అక్కడికే వచ్చింది. లోపలికి తొంగి చూసింది. డొక్కలు రెండూ గుంటలు పడి ఉన్నాయి. తుంటి ఎముకలు బయటికి పొడుచుకొచ్చి, వాటి మీద ఆ ఎర్ర గీత ఇంకా ఎర్రగా కనపడుతోంది.

"నువ్వు దీన్ని బతికిస్తున్నావా, చంపుతున్నావా?" అంది.

"బతికిస్తున్నాను."

"దానికి తెలుసా ఆ సంగతి?"

ఆమె గిన్నె అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

చివరికి అది తింది. ఒక పొద్దున ఆయన కళ్ల ముందే తల వంచి, ఊదకుండా, ఏరకుండా, నాలుక బయటపెట్టి ఒక ముద్ద లాక్కుంది. నమిలింది. ఇంకొకటి లాక్కుంది. పెద్దాయన లేచి తొట్టి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాడు. మళ్లీ వచ్చి చూశాడు. మళ్లీ పోయి కడుక్కున్నాడు.

తర్వాత అదే దాని మేత అయిపోయింది. దాన్ని మళ్లీ కొట్టంలోకి తెచ్చారు. ఊపిరి పెట్టె లెక్కలో దాని గాలి పడిపోయింది. పడిపోవడమంటే అలా ఇలా కాదు, మొత్తం కొట్టంలో దానిదే తక్కువ. డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. "ఎలా తినిపించారు పెద్దాయనా? వేరే కొట్టాల్లో ఇలాంటి పేచీ ఆవులతో తలలు పట్టుకుంటున్నాం" అంది.

"మాడ్చాను" అన్నాడాయన.

ఆమె ఎప్పుడెప్పుడు ఏం చేశారో అడిగింది. ఆయన నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆమె శ్రద్ధగా రాసుకుంది. ఆ సాయంత్రం కిరసనాయిలు గుడ్డతో పెద్దాయన ఎర్ర గీత తుడిచేశాడు. మచ్చ కూడా మిగలకుండా తుడిచాడు. ఇంటికి పోయి భార్యతో, "ఉంటుంది" అన్నాడు. అడక్కుండా ఆయన ఇంట్లో మాట్లాడిన మాట చాలాకాలానికి అదొక్కటే. ఆమె ఆశ్చర్యపోయి ఇంకో గరిటెడు అన్నం వడ్డించింది.

అయితే బిందె నిండటం లేదు.

ఆయన చూస్తూనే ఉన్నాడు. రేపటికి వస్తాయి, ఎల్లుండికి వస్తాయి అనుకున్నాడు. అడుగున కాసిని పాలు, వాటి మీద పల్చటి నురగ. ఎదురుగా నిలబడి గంగడోలు నిమిరితే చేపేది. ఇప్పుడు నిమిరితే మెడ పక్కకి తిప్పుకుంటోంది. ఈని చాలాకాలమైన ఆవుని మాడిస్తే ఎండిన పొదుగు మళ్లీ నిండటం కష్టమని డాక్టరమ్మే చెప్పింది. పెద్దాయనకీ తెలియని సంగతి కాదు. మొదట బిందెనే చూస్తూ తేన్పు మర్చిపోయాడు. తర్వాత తేన్పునే చూస్తూ బిందె మర్చిపోయాడు. రెండూ ఒకేసారి చూడమని ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా.

ఈసారి గీత పెట్టకముందే మేనేజరు ఆయన్ని పిలిచి కూర్చోబెట్టాడు. టీ కూడా తెప్పించాడు.

"తేన్పు తక్కువే బావా. కాదనను. పాలూ తక్కువే. పాలు లేని ఆవు ఎంత తక్కువ తేన్చితే మాత్రం ఎవరిక్కావాలి?"

"నన్నలా చెయ్యమంది మీరే."

"తినిపించమన్నాం. పొదుగు ఎండగొట్టమన్నామా?"

పెద్దాయన టీ ముట్టకుండా లేచాడు. కిటికీ బయట నిలబడి అంతా విన్న చెంబు, "చచ్చిన ఆవైతే అసలే తేన్చదు సార్. దానికి కంపెనీ బహుమతి ఇస్తుందేమో కనుక్కోండి" అని కేకేసి, బిందె తీసుకుని పోయాడు. మేనేజరు వాణ్ణి వెనక్కి పిలవలేదు.

లారీ పొద్దెక్కాక వచ్చింది. గీతలున్న ఆవులు ఒకదాని వెనక ఒకటి, లారీకి వాలుగా ఆనించిన చెక్క మీదుగా ఎక్కాయి. వగలాడి చెక్క మొదట్లో కాళ్లు తన్నిపెట్టి నిలబడిపోయింది. లారీవాడు పలుపు లాగాడు. ఇంకొకడు తోక మెలిపెట్టాడు. అది అరిచింది గాని కదల్లేదు. వాడు కర్ర కోసం చూశాడు.

"బావా, నువ్వొచ్చి ఎక్కించు. నువ్వైతే ఎక్కుతుంది" అన్నాడు మేనేజరు. గొంతులో దెప్పు లేదు. నిజంగానే బతిమాలాడు.

పెద్దాయన పార గోడకి ఆనించి వచ్చాడు. లారీవాడి చేతిలోంచి పలుపు తీసుకున్నాడు. దాన్ని లాగలేదు. వెనక్కి చూడకుండా చెక్క మీద నడిచాడు. వగలాడి ఒక్క క్షణం ఆగి, మోర ఎత్తి, ఆయన వెనకే ఎక్కింది. ఆయన దాన్ని కమ్మీకి కట్టాడు. ముడి గట్టిగా ఉందో లేదో చూశాడు. మెడ మీద చెయ్యి వెయ్యబోయి, మానుకుని, దిగిపోయాడు.

లారీ మలుపు తిరిగాక మేనేజరు ఆయన భుజం మీద చెయ్యేశాడు. "పోనీలే బావా. రేపు కొత్త పెయ్యలు వస్తున్నాయి. వాటిని నాచుకి అలవాటు చేసే పని నీకే ఇమ్మంది డాక్టరమ్మ. నీ పద్ధతి అన్ని కొట్టాలకీ పంపిందట. చూడు, అక్కడ బోర్డు మీద కూడా రాయించాం."

గోడ మీద బోర్డుంది. పెద్దాయన కూడబలుక్కుని చదివాడు. కొత్త పశువులకు మేత అలవాటు: పెద్దాయన పద్ధతి. దాని కింద ఆయన ఆ రోజు చెప్పిన నాలుగు ముక్కలూ వరసగా రాసి ఉన్నాయి. విడిగా కట్టాలి. వేరే మేత కనపడకూడదు. నీళ్లు ఇవ్వాలి. అరిచినా వెయ్యకూడదు.

మర్నాడు పెయ్యలు దిగాయి. లేత గిట్టలు, బెదురు చూపులు. వాటిని గదిలో కట్టారు. పెద్దాయన మూలలన్నీ వెదికి గడ్డిపోచలు ఏరేశాడు. నాచు మేత వేసి తలుపు మూశాడు. మధ్యాహ్నానికి అరుపులు మొదలయ్యాయి. ఒకటి అరిస్తే మిగతావీ అందుకున్నాయి.

చెంబు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వాడి చేతుల్లో ఏమీ లేదు. "పెద్దాయనా, చంటివి. వీటికైనా గుప్పెడు గడ్డి వెయ్యనా?" అన్నాడు.

పెద్దాయన లోపలికి చూడలేదు.

"వెయ్యకు" అన్నాడు. "ఇప్పుడైతే వీటికింకా పొదుగు లేదు, ఎండటానికి. ఇప్పుడే తిననీ."

చెంబు చెవులు రెండు చేతులతోనూ మూసుకుని వెళ్లిపోయాడు. పెద్దాయన మూసుకోలేదు.